మధ్యాహ్నం వేళ ఇంటిపిలుపు

పనసగుడలో సుక్రు కూర్చుని ఉండగా చూసినవాళ్లు తక్కువ. ఊరి గొడ్లు కాసేవాడికి కూర్చునే తీరిక ఉండదు. మేసే గొడ్డు వెనక నడవాలి, మేయకుండా దిక్కులు చూసే గొడ్డు వెనక ఇంకా ఎక్కువ నడవాలి. మీసం రాకముందు నుంచీ అతను ఆ పనిలోనే ఉన్నాడు. వానాకాలం తలమీద అడ్డాకుల గొడుగు, చలికాలం ఒంటిమీద ముతక దుప్పటి, ఎండాకాలం ఏదీ లేదు. పంటలప్పుడు ఇంటింటివాళ్లూ ఇన్ని చోళ్లు, ఇన్ని సామలు తెచ్చి అతని చేటలో పోసేవారు. దాంతోనే పెళ్లాం బేబి గంజి కాచేది. తాత, తండ్రి బతికిందీ అలాగే.

ఊరికి పైన గొడ్లమెట్ట అని పెద్ద బయలు ఉండేది. చుట్టూ కొండలు నిలువుగా ఉన్నా అక్కడ మాత్రం నేల బల్లపరుపుగా పరుచుకుని, వానలు పడగానే మోకాలెత్తు గడ్డి లేచేది. దాని పక్కనుంచే ఒక గెడ్డ పారుతుంది. సర్కారు కాగితాల్లో ఆ నేల పేరు బంజరు. తరతరాలుగా ఒక ఊరి ఎద్దుల్నీ ఆవుల్నీ బతికించిన నేలకి ఆ మాట ఎవరు రాశారో, ఏ ఊళ్లో కూర్చుని రాశారో పనసగుడలో ఎవరికీ తెలియదు.

పొద్దున్న గొడ్లను మెట్టకు తోలుకుపోవడానికి గొంతు అక్కర్లేదు, కర్ర చాలు. సాయంత్రం మాత్రం ఇంటిపిలుపు కావాలి. సుక్రు మెట్ట అంచున ఊరి దారి మొదట్లో నిలబడి, ఊరివైపు తిరిగి, రెండు చేతులూ నోటిదగ్గర దొన్నెలా పట్టి “డియ్యో… డియ్యోఓ…” అని సాగదీసేవాడు. ఎక్కడెక్కడి గొడ్లూ తలలెత్తి వచ్చేసేవి. కుంటి ఆవు కుంటుకుంటూ వచ్చేది. ఊళ్లో ఆ కేక విని ఆడవాళ్లు కుడితి కలిపేవారు.

ఆ పిలుపుకి ఒక కట్టుబాటు ఉంది. పుష్యమాసంలో గొడ్లను అప్పగించేటప్పుడు, ఊరి శంకుదేవుడి రాళ్ల దగ్గర కాపరి చేత మట్టి ముట్టించి ఒట్టు వేయిస్తారు. ఆ గొంతుతో ఇంటికి తప్ప మరెక్కడికీ పిలవనని ఒట్టు. సంతలో అమ్మే గొడ్డునైనా పలుపు కట్టి నడిపించుకుపోవాలి గాని పిలిచి తీసుకుపోకూడదు. మోసానికి ఒక్కసారి పిలిచినా ఆ గొంతును గొడ్డు ఇక నమ్మదని ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఏ కాపరి పిలిస్తే గొడ్డు రాకుండా పారిపోతుందో, ఆ కాపరిని ఎవరూ ఏమీ అడగరు. అడగాల్సిన పని ఉండదు.

మెట్ట మీదికి సోలారు రాబోతోందన్నారు. జీపులు వచ్చాయి, నేల కొలిచాయి, పోయాయి. తరువాత సభ పెట్టారు. షామియానా కింద ఒక వరస కుర్చీలు, వాటి ఎదురుగా నేలమీద ఊరు. మెట్ట ఇచ్చేస్తే గొడ్లు ఎక్కడ మేస్తాయని ఎవరో అడిగారు. వచ్చిన అధికారి నవ్వుతూ, “ఇక్కడ కాపరి ఎవరు? ఆయన్నే చెప్పమందాం” అని సుక్రుని పైకి పిలిచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేయించాడు. కూర్చోమన్నాడు. కాపరికి పనిస్తామని, ఎండా వానా తగలని పని అని అంతకుముందే ఎవరో అతని చెవిన వేసి ఉన్నారు. సుక్రు కూర్చున్నాడు. నడుము వెనక్కి ఆనించాడు. ఊరంతా తనకన్నా కింద ఉండటం అతను ఎన్నడూ చూడలేదు.

“పైకొండ మీద కూడా మేతుంది,” అన్నాడు.

సోములమ్మ పగలబడి నవ్వింది. ఆమె అతనికి వరసకి వదిన. మొగుడు పోయాక ఒక జత ఎద్దులతో సొంతంగా వ్యవసాయం చేసుకుంటున్న మనిషి. “పైకొండ మీద మేతేటి మరిదీ? అక్కడ కోతులే జారిపోతాయి. గొడ్లకి రెక్కలు కుట్టిత్తావేటి?”

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా అయిపోకముందే వేలిముద్రలు మొదలయ్యాయి. పైకొండ మీద గడ్డి ఎంతుందో సుక్రుకి తెలుసు. తనకి తెలుసని ఊరికీ తెలుసు. అయినా కాపరి అన్నాడు గదా అని ముందు ఒకరు, వెనక ఒకరు వేలు ముంచారు. సోములమ్మ కూడా ముంచింది.

మెట్ట చుట్టూ ముళ్లకంచె లేచింది. లోపల గడ్డి పోయి, ఆకాశానికి మొహం పెట్టిన నల్లటి పలకలు వరసలు వరసలుగా వచ్చాయి. ఇక్కడ పుట్టిన కరెంటు పెద్ద తీగల మీద పనసగుడ నెత్తిమీదుగా ఎక్కడికో వెళ్లిపోతుంది. కింద పనసగుడలో మాత్రం గాలి వీస్తే దీపం ఆరిపోతుంది, వాన పడితే మర్నాటికి గాని రాదు. సుక్రుకి ఖాకీ చొక్కా, ఈల, గేటు దగ్గర కుర్చీ దొరికాయి. పలకలు కడగాలి, కలుపు కోయాలి, గొడ్లు రాకుండా చూడాలి. ఊరి గొడ్లను ఇక ఇంటికొకరు వంతులవారీగా పైకొండకు తోలుతున్నారు.

మొదటిరోజు గేటు ముందునుంచి కట్టెల మోపుతో పోతూ సోములమ్మ ఆగింది.

“ఏటి మరిదీ, కుర్సీలో కూకుంటే నడుం నొప్పెట్టలేదా?”

“పెడతాంది వదినా. వొచ్చి పిసుకు.”

“పిసుకుతాను, పీక. మా గొడ్లు ఎముకలు తేలిపోతన్నాయి. ఒక్క పూటైనా ఆ కంచె పక్కన మేపుకోనీయి.”

“సారు తిడతాడు.”

“సారు! నిన్న మొన్నటిదాకా నువ్వే ఆటికి సారువి.” ఆమె నవ్వుతూనే పోయింది. సుక్రు మాత్రం ఆ పూట కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోయాడు.

పలకలు కడిగిన నీళ్లు కిందికి జారి, వాటి నీడలో పచ్చిక మొలిచింది. అంత లేత గడ్డి చుట్టుపక్కల ఎక్కడా లేదు. గెడ్డ కంచె కిందనుంచి పోయేచోట వానకు మట్టి కొట్టుకుపోయి సందు పడింది. కడుపు కాలిన గొడ్లు ముందుగా ఆ సందును కనిపెట్టాయి. వాటిలో అన్నిటికన్నా ముందుండేది సోములమ్మ జత, కర్రిఎద్దూ పుల్లెద్దూ. సుక్రు చేతిలో పెరిగిన దూడలవి. అతన్ని చూస్తే పారిపోవాలని వాటికి తోచేది కాదు. ఒకటి నాకేది, ఇంకోటి వీపు గోకమని మెడ చాపేది. ఎవరూ చూడకపోతే అతను గోకేవాడు. తరువాత మెల్లగా మెడపట్టి బయటకు నడిపించేవాడు.

సూపర్‌వైజర్ ప్రేమ్‌కుమార్ అనంతపురం వైపు మనిషి. అక్కడి సోలారుల్లో పనిచేసి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. “ఏమప్పా సుక్రూ, మీ ఎద్దులకు పలకల కింద ఏసీ రూము మాదిరి ఉన్నట్టుందే. అద్దె వసూలు చేస్తాండావా లేదా?” అని వేళాకోళం చేసేవాడు. తన టీలో సగం పోసేవాడు.

కంపెనీ పెద్దవాళ్లు చూడటానికి వస్తారన్న రోజు ఊరివైపున్న పైగేటు దగ్గర షామియానా వేసి, అడ్డంగా రిబ్బను కట్టారు. ఎండ నడినెత్తికి వచ్చింది. సరిగ్గా అప్పుడే గెడ్డ సందులోంచి గొడ్లు దూరి పలకల కింద సర్దుకున్నాయి. ప్రేమ్‌కుమార్ ఫోన్ చెవిన పెట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

“ఇప్పుడేనా అప్పా ఇవి దూరేది! కార్లు ఘాటెక్కినాయంట. బిరీన బయటికి పంపించు.”

“పైగేటు తీయండి సార్. ఊరేపు తోలీత్తాను.”

“రిబ్బను కట్టినారు గదప్పా అక్కడ! దాన్ని నీ ఎద్దు కత్తరించల్లా ఏమి? కిందగేటు తీస్తా. రోడ్డు మీదికి పంపించెయ్.”

“కర్రెత్తితే బెదిరిపోతాయి సార్. పలకలు తొక్కీగలవు.”

“కర్రెందుకు? నువ్వు పిలిస్తే వస్తాయంటారు గదా. పిలువు.”

సుక్రు ఒక్కొక్కదాన్నీ మెడపట్టి తెస్తానని చెప్పవచ్చు. చెప్పలేదు. కిందగేటు బయట ఘాటురోడ్డు వంపు తిరుగుతుంది. గేటు దగ్గరే నిలబడి పిలిస్తే గొడ్లు గేటులోనే గుంపుకట్టి ఆగిపోతాయి. రోడ్డు దాటి అవతలి గట్టుమీద నిలబడితే అన్నీ ఒక్క ఊపున బయటపడతాయి. అలా నిలబడాలన్న ఆలోచన ప్రేమ్‌కుమార్‌ది కాదు, అతనిదే. ఇరవై ఏళ్లకు పైగా గొడ్లు కాసినవాడికే రాగల ఆలోచన అది. రోడ్డు దాటాడు. వెనక లోయ ఉంది. ఊరు కొండకు ఆవలి పక్క ఉంది. చేతులు నోటిదగ్గర పట్టి ఇంటిపిలుపు పిలిచాడు.

పలకల కింద తలలు లేచాయి. ఇంకా ఎండగానే ఉంది, నీడలు సాగలేదు. గొడ్లు ఒక క్షణం సందేహించినట్టు నిలబడ్డాయి. అయినా పిలిచింది సుక్రు గొంతు. వచ్చేశాయి. ముందు కర్రిఎద్దు, దాని భుజానికి భుజం ఆనించి పుల్లెద్దు, వెనక మిగతావి, పరుగులాంటి నడకతో గేటు దాటాయి.

కంకర లారీ వంపు తిరిగి వచ్చేసింది.

కర్రిఎద్దు కాడి మోసే మెడదగ్గరే దెబ్బ తగిలింది. లారీ కొంచెం దూరం పోయి ఆగింది, ఆగినట్టే ఆగి వెళ్లిపోయింది. మిగతా గొడ్లు చెల్లాచెదరయ్యాయి. పుల్లెద్దు మాత్రం పడిపోయిన జతగాడి పక్కనే నిలబడింది. అది లారీ పోయిన వైపు చూడలేదు. గట్టుమీద, ఇంకా నోటిదగ్గర చేతులు పట్టుకునే ఉన్న సుక్రుని చూసింది. అతను దానివైపు అడుగు వేసేసరికి ఒక్కసారి విదిలించుకుని రోడ్డు పైనున్న పొదల్లోకి ఎక్కిపోయింది.

ప్రేమ్‌కుమార్ మొహం పాలిపోయింది. “సుక్రూ… అది దానంతట అదే రోడ్డెక్కింది. అంతే గదా?”

“అంతే సార్.”

ఎవరూ అతని పీక పట్టుకోలేదు. ఉద్యోగం తీసేస్తామని బెదిరించలేదు. మాట అడిగినంత తేలిగ్గా వచ్చేసింది. అదే అతనికి తరువాత మింగుడు పడలేదు.

కబురు విని సోములమ్మ కొండ దిగి వచ్చింది. ఎద్దు మొహం మీది ఈగలు తోలుతూ చాలాసేపు కూర్చుంది. ఏడ్చింది. తరువాత కొంగుతో మొహం తుడుచుకుని సుక్రుని చూసింది.

“ఎలా ఎక్కింది మరిదీ రోడ్డు?”

“గెడ్డ సందులోంచొచ్చి… ఇలా తిరిగీసింది. నాను సూసేలోపే.”

“నువ్వేటి సేత్తావులే. కడుపు కాలింది దానికి.” గొంతు తగ్గించి అడిగింది. “నా ఎద్దు మూలంగా నీకేటి మాట రాలేదు గదా? సారు తిట్టినాడేటి?”

ఆమె దుమ్మెత్తి పోసి ఉంటే బాగుండేది. శాపనార్థాలు పెట్టి ఉంటే ఇంకా బాగుండేది. “లేదు వదినా” అని గునపం తీసుకున్నాడు. గొయ్యి తవ్వడానికి ఊరివాళ్లు చేయివేయబోతే వద్దన్నాడు. రాతినేల. చేతులు పగిలి గునపం తడిసినా ఆపలేదు. “సూడండి, సొంత గొడ్డులాగ సేత్తన్నాడు” అని సోములమ్మ అందరికీ చెప్పింది. ఆ మాటకి అతను తలెత్తలేదు.

పుల్లెద్దు ఇంటికి రాలేదు. ఆ వంపు పైన పొదల్లోనే తిరుగుతూ, మధ్యమధ్య దిగి జతగాడు పడినచోట తారు వాసన చూసి పోతోంది. పలుపు తీసుకుని ఎవరు దగ్గరికి పోయినా పైకి పరుగు తీస్తోంది. లారీలు వచ్చే దారి. ఇంకెన్నాళ్లు బతుకుతుందో తెలియదు. మరోపక్క తొలివానలు పడిపోయాయి. దున్నడానికి అదను ఇదే. ఊళ్లో ఒక్క ఎద్దే ఉన్న మంగరాజు తన ఎద్దును పుల్లెద్దుతో కలిపి కడదామని, ముందు సోములమ్మ మడి, తరువాత తన మడి దున్నుకుందామని ఒప్పుకున్నాడు. పుల్లెద్దు రాకపోతే అతను వేరే జత చూసుకుంటాడు. తప్పుపట్టడానికి లేదు, అతనికీ పిల్లలున్నారు. ఈ అదను తప్పితే సోములమ్మకి ఏడాది చోళ్లు లేవు.

ఆమె గేటుకి వచ్చింది.

“మరిదీ, నువ్వొక్కసారి పిలు. నీ గొంతింటే అదే వొచ్చీత్తాది.”

“గొంతు పట్టీసింది వదినా. రేపు సూద్దారి.”

మర్నాడు డ్యూటీ అన్నాడు. ఆ మర్నాడు ఆమె వస్తుంటే చూసి పలకల వరసల మధ్యకు వెళ్లిపోయాడు. నల్లటి పలకలో తన మొహం కనబడితే గుడ్డతో గట్టిగా తుడిచాడు. ఇంట్లో బేబి అన్నం పెడుతూ నిలదీసింది.

“సోములమ్మప్ప కాళ్లరిగేలా తిరుగుతంది. నాలుగు కూతలు కూస్తే నీ సొమ్మేటి పోద్ది?”

“రాదది.”

“పిలవకుండానే ఎలా తెలుసు రాదని?”

సుక్రు కంచం ముందునుంచి లేచిపోయాడు. బేబి కంచం వైపు చూసింది, అతని వీపు వైపు చూసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పిలవకపోతే ఎద్దు రాదు, సోములమ్మ మడి దున్నరు. పిలిస్తే ఏం జరుగుతుందో అతనికి తెలుసు. ఆ గట్టుమీద నిలబడి ఉండగా అది తనని చూసిన చూపు తెలుసు. ఏమో, మరిచిపోయిందేమో అని కూడా అనుకునేవాడు. గొడ్డే గదా అనుకునేవాడు. చిన్నప్పటినుంచీ గొడ్ల వెనక తిరిగినవాడికి ఆ మాట సగంలోనే ఆగిపోయేది.

చివరికి ఒక పొద్దున సోములమ్మ గేటు ముందు నేలమీద కూర్చుండిపోయింది. “మంగరాజు రేపొద్దున్న దాకా సూత్తానన్నాడు. నాను ఇక్కడే కూకుంటాను. నీ డ్యూటీ అయినాకే రా.”

ప్రేమ్‌కుమార్ అది విన్నాడు. సుక్రు మొహం వైపు చూడకుండానే, “పోయిరాప్పా, నేనుంటా” అన్నాడు.

ఇద్దరూ రోడ్డు వెంట నడిచారు. సోములమ్మ చేతిలో కొత్త పలుపు, ఒక దొప్పలో ఉప్పు కలిపిన తవుడు ఉన్నాయి. దారి పొడవునా ఆమె మాట్లాడుతూనే ఉంది. ఏ మడి ముందు దున్నించాలో, మంగరాజు ఎద్దు మొండిదని, పుల్లెద్దు దాన్ని ఎలా దారిలో పెడుతుందో.

వంపు దగ్గర పొదల పక్కన పుల్లెద్దు నిలబడి ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. ఆమెను చూసి చెవులు కదిలించింది. దగ్గరకు మాత్రం రాలేదు.

“పిలు.”

సుక్రు అటూ ఇటూ చూశాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

“డియ్యో… డియ్యోఓ…”

ఎద్దు ఒళ్లంతా జలదరించింది. తల విసిరింది. వెనక్కి ఒక అడుగు, ఇంకో అడుగు వేసి, గిరుక్కున తిరిగి రాళ్లు దొర్లిస్తూ పైకి ఎగబాకింది. చాలా ఎత్తున ఆగి, అక్కడినుంచి చూసింది.

సోములమ్మ అతన్ని చూసింది. కొండ మీది ఎద్దును చూసింది. మళ్లీ అతన్ని చూసింది. కోపం వచ్చిన మనిషి మొహం కాదది. లెక్క సరిపోయిన మనిషి మొహం కూడా కాదు. ఎవరో తెలియని మనిషి దారిలో ఎదురైతే చూసినట్టు చూసింది.

“ఎక్కడ నిలబడి పిలిసినావు?” అని అడిగింది.

అతను చేయి చాపి రోడ్డవతలి గట్టు చూపించాడు.

ఆమె ఆ గట్టు చూసింది, దాని వెనక లోయ చూసింది, మధ్యలో ఉన్న రోడ్డు చూసింది.

“ఇంటికని పిలిసినావు.”

“వదినా…”

“ఒగ్గీ. ఆ పిలుపు ఇంక పిలవకు.”

మరిదీ అనలేదు. పలుపు భుజాన వేసుకుని, దొప్ప పట్టుకుని ఆమె ఒక్కతే కొండ ఎక్కసాగింది. కేకలు లేవు. తనలో తను ఏదో గొణుక్కుంటున్నట్టు మెల్లగా మాట్లాడుతూ, మధ్యమధ్య కూర్చుంటూ, ఎద్దును చూడనట్టే నటిస్తూ పోయింది. ఎండ పెరిగింది. రోడ్డు మీద బస్సు పోయింది, పాడేరు జీపులు పోయాయి. సుక్రు కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి ఎద్దు తల దించి దొప్పలో మూతి పెట్టింది. ఆమె చేయి దాని మెడమీద పడింది. పలుపు పడింది.

ఆమె దాన్ని నడిపించుకుంటూ దిగి వచ్చింది. ఊరికి పోవాలంటే ఈ రోడ్డే ఎక్కాలి. సాయం పడదామని సుక్రు ముందుకు ఒక అడుగు వేశాడు. ఎద్దు కాళ్లు నేలలో పాతేసి ముక్కు బుసకొట్టింది. పలుపు సాగి ఆమె చేతిలో జారింది. అటుకేసి తిరగకుండానే సోములమ్మ అరచేయి వెనక్కి చాపి ఆగమంది.

అతను వెనక్కి జరిగాడు. ఎద్దు కొంచెం సడలింది. ఇంకా జరిగాడు. నడిచింది. అతను ఎంత దూరం పోతే అది అంత నెమ్మదిగా ఆమె వెంట అడుగు వేసింది. రోడ్డు అంచుకి, ఆ తరువాత గట్టు మీదికి, పిలిచిన చోటుకే, నడుచుకుంటూ వెనక్కి పోయాడు. ఇక పోవడానికి లోయ తప్ప లేదు.

వాళ్లిద్దరూ వంపు తిరిగారు. ఎద్దు గిట్టల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. పొలం అదనుకి అందుతుంది. అది నిజం.

ఏ దారిన పోయినా చేరేది ఆ ఊరికే. ఎద్దును కట్టుగుంజకి కట్టకముందే తను ఊళ్లో అడుగుపెడితే, తన వాసనకి అది పలుపు తెంపుకుని మళ్లీ ఈ రోడ్డుకే వస్తుంది. అందుకని గట్టుమీదే ఉండిపోయాడు. కట్టేశారో లేదో ఇక్కడినుంచి తెలియదు. కట్టేశాం, ఇక రమ్మని ఊళ్లోంచి చెప్పడానికి ఎవరైనా వస్తారేమోనని సాయంత్రం దాకా ఆ వంపు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ రాలేదు.